పదిహేడో నంబరు బోర్డు

2003 అక్టోబరులో నన్ను మొయినాబాద్ సెక్షనుకు బదిలీ చేశారు. హోదా ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు. పేరులో ఆఫీసరు ఉంది గాని, మా శాఖ నిచ్చెనలో ఇది కింది నుంచి మూడో మెట్టు. అడుగున వాచరు, ఆపైన బీటు ఆఫీసరు, ఆపైన నేను. నా పైన రేంజి ఆఫీసరు, ఆయన పైన డివిజను మొత్తానికి పెద్ద సారు. అడవిలో నడిచేవి కింది రెండు మెట్లు. సంతకాలు పెట్టేవి పై రెండు మెట్లు. మధ్యలో ఉన్నవాడు రెండూ చేయాలి గాని, ఎక్కువమంది సంతకంతో సరిపెడతారు. నేనూ సరిపెట్టాను. ఆ సంగతి ముందే చెప్పకపోతే మిగిలిన కథ చెప్పే హక్కు నాకు లేదు.

ఛార్జి తీసుకోవడం అంటే పాత ఆఫీసరు చేతిలోని రిజిస్టర్లూ, పటాలూ, తాళాలూ, అడవీ కొత్తవాడు లెక్కప్రకారం అందుకోవడం. నాకంటే ముందున్నాయన అప్పటికే పెట్టె సర్దుకున్నాడు. నన్ను చేవెళ్ల రోడ్డు మీది హోటల్లో కూచోబెట్టి చాయ్ చెప్పి, బల్ల మీద నాలుగు రిజిస్టర్లు పరిచాడు. అందులో ఇరవై ఒకటో కంపార్ట్‌మెంటు ప్లాంటేషన్ రిజిస్టరు ఒకటి. అడవిని ముక్కలుగా విభజించి ఒక్కో ముక్కకు నంబరు ఇస్తారు. ఆ ముక్కే కంపార్ట్‌మెంటు. ఇరవై ఒకటిలో నాటిన మొక్కల్లో నూటికి ఎనభై బతికి ఉన్నాయని రాసి ఉంది.

"ఒకసారి చూసొద్దామా అన్నా?" అన్నాను.

"చూస్తె ఏమొస్తది తమ్మీ? చెట్లు యాడికి పోతయి? చాయ్ చల్లారుతున్నది."

సంతకం పెట్టాను. మర్నాడు పోయి చూస్తే వరసగా గుంతలున్నాయి, గుంతకొక ఎండు పుల్ల ఉంది. కొన్నింట్లో పుల్ల కూడా లేదు. వానలు తగ్గాక మొక్కలు తెచ్చి, ఫోటో తీసి, నీళ్లు పోయకుండా వెళ్లిపోయారు. ఆయన అన్నది నిజమే, చెట్లు ఎక్కడికీ పోలేదు. అవి అసలు రాలేదు. ఆ రాని చెట్లకు ఇప్పుడు సంతకందారుణ్ని నేను.

నేను ఏడో తరగతి తప్పినవాణ్ని. వాచరుగా చేరి, పదో తరగతి ప్రైవేటుగా కట్టి, మెట్టు మెట్టుకూ పదేళ్లు పట్టి పైకి వచ్చాను. కోఠిలో ఫుట్‌పాత్ మీద ఇంగ్లీషు పిట్టల పుస్తకం ఒకటి దొరికితే, పక్కన డిక్షనరీ పెట్టుకుని రెండేళ్లు చదివాను. చదువుకున్నవాళ్లు నాకు అడవి గురించి ఉపన్యాసమిస్తే ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతుంది. ఎవరు ఎప్పుడు ఏమన్నారో నాకు గుర్తుంటుంది. మా ఇంటిదానికి నచ్చని గుణాల్లో ఇదొకటి.

ఇక పదిహేడో కంపార్ట్‌మెంటు. ఇరవై ఒకటి చిల్కూరు పోయే రోడ్డు పక్కన ఉంటే, పదిహేడు అక్కడికి రెండు మైళ్ల లోపల, బండ్ల బాట దిగి పోవాలి. అక్కడ చెట్లు లేవు. మోకాలెత్తు గడ్డి, మధ్య మధ్య రాతి పలకలు, అక్కడొకటి ఇక్కడొకటి రేగు పొద. నేను కూడా మొదటి నెలల్లో దాన్ని దాటి పోయేవాణ్ని గాని దాంట్లోకి పోలేదు. ఏప్రిల్‌లో ఒకరోజు అడ్డదారి కదా అని నడుస్తుంటే వెనకనుంచి కేక పడింది.

"నీ కండ్లు నెత్తిమీదున్నయా బిడ్డా? కాలు ఆడనే ఉంచు. దించకు."

మేకలు కాసే లచ్చవ్వ. నేను కొంగలాగా ఒంటికాలి మీద నిలబడ్డాను. ఆమె వచ్చి కర్రతో చూపించింది. నా బూటు కింద, జానెడు దూరంలో, నేలమీదనే రెండు గుడ్లు. గూడు లేదు, పుల్ల లేదు. మచ్చల రాళ్ల మధ్య మచ్చల గుడ్లు. పదడుగుల అవతల మట్టిరంగు పిట్ట ఒకటి సన్నని కాళ్లతో గబగబా ఉరికి, ఆగి, నిటారుగా నిలబడి నన్ను చూసింది. మళ్లీ ఉరికింది, మళ్లీ ఆగింది.

"ఉరుకుడు పిట్ట" అన్నది లచ్చవ్వ. "మా అవ్వ కాలం నుంచి ఈడనే ఉంటది. నా మేకలకు తెలుసు, పక్కకెల్లి పోతయి. జంగలాతు సార్లకే తెల్వది."

ఇంటికి వచ్చి పుస్తకం తిరగేశాను. దొరికింది. చుట్టూ కనుచూపు మేర తెరిపిగా ఉంటేనే గుడ్లు పెట్టే జాతి. దగ్గర్లో చెట్టు ఉంటే దాని మీద కాకి వాలుతుంది, డేగ వాలుతుంది, గుడ్డు దక్కదు. మనకు చెట్టు నీడ. దానికి చెట్టు శత్రువు కూచునే కుర్చీ. ఆ వేసవంతా వారానికి రెండుసార్లు పోయాను. ఉరుకుడు పిట్టలు మూడు జంటలు, తీతువులు, కౌజులు, ఒక ఉడుము, చెవులపిల్లులు. లచ్చవ్వ చూపించేది, నేను నోటుబుక్కులో రాసేవాణ్ని, ఆమె నా రాతను చూసి నవ్వేది.

ఆ రోజుల్లో హైదరాబాదు పడమటి దిక్కున అద్దాల మేడలు లేస్తున్నాయి. జన్వాడ నుంచి ఇటు ఎకరానికొక గేటు లేచింది. గేటు లోపల లారీల్లో చాపలాగా చుట్టి తెచ్చిన గడ్డిని పరిచి, దానికి పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టేవారు. ఊరికే మొలిచిన గడ్డిని మాత్రం ఖాళీ జాగా అనేవారు. మా శాఖా అంతే. మా పటంలో చెట్లున్న చోటు పచ్చరంగు, చెట్లు లేని చోటు తెలుపు. తెలుపును బ్లాంకు అంటారు. బ్లాంకు కనబడితే నింపాలి. పదిహేడు తెల్లగా ఉంది. ఇరవై ఒకటి, నా సంతకం పుణ్యమా అని, పచ్చగా ఉంది.

జూన్‌లో రేంజి ఆఫీసరు పిలిపించారు. ఆయన పేరు రాయను. చెడ్డవాడు కాదు, జీపు దిగనివాడు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు జూలైలో ఒకరోజు వచ్చి మొక్కలు నాటుతారట, నాలుగు బస్సుల్లో వస్తారట, పెద్ద సారు కూడా వస్తారట. చోటు పదిహేడో కంపార్ట్‌మెంటు. ముందు వారమే జేసీబీతో గుంతలూ కందకాలూ తవ్వించాలి.

నేను వద్దన్నాను. పిట్టల సంగతి చెప్పాను. నోటుబుక్కు తీసి చూపించాను.

"గడ్డికి ఫోటో వస్తదా నర్సింలు?" అన్నారాయన.

రెండు పేజీల అభ్యంతరం రాసి పంపాను. మా శాఖలో దేన్నయినా రాతలో పెట్టడమే పద్ధతి. వారంలో జవాబు వచ్చింది: "బ్లాంకులో నాటుటకు అభ్యంతరమేమి? తెలుపవలెను." నా రెండు పేజీలనూ ఆయన చదివి ఉంటే ఆ ప్రశ్న రాసేవారు కాదు. ఆ కాగితం ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది.

గుడ్లు రెండో విడత పెట్టే కాలం. జేసీబీ ఒక్క పూట తిరిగితే ఆ చోటు అయిపోతుంది. తర్వాత చెట్లు బతికినా బతకకపోయినా, పిట్ట మళ్లీ రాదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాయను, బాగానే పట్టింది. పొద్దున లేచేసరికి ఉపాయం తయారుగా ఉంది.

ప్రతి కంపార్ట్‌మెంటు మొదట్లో ఒక రేకు బోర్డు ఉంటుంది. తెల్ల రంగు మీద నల్లటి అంకె, కింద విస్తీర్ణం. పై అధికారులకు కంపార్ట్‌మెంటు అంటే ఆ బోర్డే. జీపు ఆగేది బోర్డు దగ్గర, ఫోటో తీసేది బోర్డు పక్కన. వెనక ఏముందో చూసినవాళ్లు నా సర్వీసులో ఇద్దరో ముగ్గురో. పెద్ద సారు వచ్చే ముందు బోర్డులకు రంగు వేయించడం సెక్షన్ ఆఫీసరు విధుల్లో ఒకటి. నేను విధి నిర్వహించాను. పదిహేడునూ, ఇరవై ఒకటినీ పట్టపగలే పీకించి ఆఫీసుకు తెప్పించి, చక్కగా రంగు వేయించాను. తిరిగి పాతేటప్పుడు మాత్రం అది ఇక్కడ, ఇది అక్కడ అయింది.

వాచరు మొగులయ్య గడ్డపార ఆపి నా మొహం చూశాడు. వాడికి అంకెలు వచ్చు.

"సార్, మనం ఉల్టా పాతుతున్నం."

"పాతు."

"పట్టుబడితె నా నౌకరి పోతది."

"నా పింఛను పోతది. ఇద్దరం పోయి లచ్చవ్వ మేకలు కాద్దాం."

"ఆమె మనల పెట్టుకోదు సార్. మనకు గుడ్లు కనబడయి" అని గడ్డపార ఎత్తాడు.

ఇది తమాషా కోసం చేసింది కాదు. ఆ అదల బదల వెనక ఒక లెక్క ఉంది. రోడ్డు పక్కన ఉన్నది ఇరవై ఒకటి అని ఎవరైనా అరిస్తే, కాగితం మీద నూటికి ఎనభై మొక్కలున్న చోట నాటిన మొక్క ఒక్కటీ ఎందుకు లేదో అరిచినవాడే చెప్పాలి. ఆ రిజిస్టరులో నా సంతకం పైన రేంజి ఆఫీసరు సంతకం కూడా ఉంది. దొంగ అడవిని ఎవరు బయటపెట్టినా అది మా ఇద్దరినీ ముంచుతుంది. నా పాత తప్పు మొదటిసారి ఒక పనికి వచ్చింది.

జేసీబీ డ్రైవరు వచ్చి, "పదిహేడు గిదేనా సార్?" అని అడిగితే, "బోర్డు సదువుకో" అన్నాను. పాత గుంతలనే లోతుగా తవ్వి వెళ్లాడు.

ఆ రోజు రానే వచ్చింది. నాలుగు బస్సులు, ఆకుపచ్చ చొక్కాలు, మైకు. బాట మలుపులో మొగులయ్య జెండా పట్టుకుని బస్సులను మళ్లించాడు. పెద్ద సారు కారు దిగారు. ఆయన వెనక రేంజి ఆఫీసరు జీపు దిగి, చుట్టూ ఒకసారి చూసి, అలాగే ఆగిపోయారు. పోయిన ఏడు మొక్కలు నాటిన రోజు, రోడ్డు అంచున ఉన్న ఈ పాత కానుగ చెట్టు కిందే ఆయన చాయ్ తాగారు. ఫోటో కూడా ఉంది.

నన్ను పక్కకు పిలిచారు. గొంతు తగ్గించి, "ఇది ఇరవై ఒకటి కదయ్యా" అన్నారు.

"బోర్డు పదిహేడని ఉన్నది సార్."

"నేను ఈడ నిలబడి మొక్క నాటిన."

"ఆ మొక్క యాడున్నదో చూపిస్తరా సార్? పెద్ద సారుకు కూడ చూపిద్దాం."

అంతలో పెద్ద సారే ఇటు తిరిగి, "ఇదే కదా మీరు చెప్పిన బ్లాంకు, పదిహేడు?" అని అడిగారు. రేంజి ఆఫీసరు బోర్డును చూశారు, నన్ను చూశారు, కానుగ చెట్టును చూశారు. "ఇదే సార్, పదిహేడే" అన్నారు. ఆ మాట అన్న క్షణం నుంచి ఆయనా నా పార్టీలో సభ్యుడే.

అయితే నా లెక్కకు అందని మనిషి ఒకరు వచ్చారు. కంపెనీలో పనిచేసే సుజాత అనే అమ్మాయి, భీమవరం వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. మిగతా అందరూ బోర్డు దగ్గర ఫోటోలు దిగుతుంటే ఈమె గుంతలో దిగి చేతులతో మట్టి తీస్తోంది.

"ఏవండీ" అని పిలిచింది. "ఇక్కడ ముందే ఎవరో నాటినట్టున్నారండీ."

ఆమె చేతిలో చిరిగిన నల్ల ప్లాస్టిక్ సంచి ఉంది, మొక్కలు పెంచే సంచి. లోపల ఎండు పుల్ల కూడా ఉంది. పెద్ద సారు పది గజాల దూరంలో ఉన్నారు. రేంజి ఆఫీసరు రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

"గాలికి కొట్టుకొచ్చి ఉంటదమ్మా" అన్నాను.

"గాలి అడుగు లోతు పాతిపెడుతుందాండీ?"

ఆమె నన్ను కాసేపు చూసి, సంచిని మడిచి చేతిసంచిలో పెట్టుకుని, ఆ గుంతలో వేపమొక్క నాటి, తన నీళ్ల సీసా దానికి ఒంపింది.

మర్నాడు రేంజి ఆఫీసరు పిలిపించారు. మెమో ఇస్తానన్నారు. మెమో అంటే సంజాయిషీ అడిగే కాగితం. సర్వీసు పుస్తకంలో మచ్చ.

"ఇయ్యిండ్రి సార్. అందుల ఏమని రాస్తరు?"

ఆయన కలం తీశారు. "నువ్వు ఇరవై ఒకటో నంబరు స్థలంలో..." అని మొదలుపెట్టి ఆగారు. కొట్టేశారు. "నాటవలసిన స్థలం కాక, ఇదివరకే నాటిన..." అని రాసి మళ్లీ ఆగారు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

"నువ్వు మనిషివి కాదు నర్సింలు."

"సెక్షన్ ఆఫీసర్ని సార్" అన్నాను.

ఆ ఏడాది పటంలో పదిహేడుకు ఆకుపచ్చ రంగు పడింది. ఇక అది బ్లాంకు కాదు కనుక ఎవరూ దాన్ని నింపడానికి రారు. రోడ్డు పక్కన నాటినవి మాత్రం ఈసారి నిజంగా బతికాయి. అందులో నా గొప్పేమీ లేదు. సుజాతమ్మ ఆదివారం ఆదివారం నలుగురు స్నేహితులను కారులో ఎక్కించుకుని, డిక్కీ నిండా నీళ్ల డబ్బాలతో వచ్చేది. నాటిన తర్వాత మళ్లీ రానక్కరలేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మరుసటి ఏడు ఇంకో తంటా వచ్చింది. బతికిన మొక్కలను లెక్కించడానికి వేరే జిల్లా నుంచి తనిఖీ బృందం వస్తుంది. వాళ్లు చూడాల్సింది ఇరవై ఒకటి. ఆ బోర్డు గడ్డిలో ఉంది, అక్కడ మొక్కలు లేవు. మొగులయ్య పరుగున వచ్చి, "పరేషాన్ అయ్యింది సార్, ఇప్పుడెట్ల?" అన్నాడు.

"బోర్డులు మాసినయి. రంగు వేద్దాం."

రంగు వేశాం. ఇరవై ఒకటి రోడ్డు పక్కకు వచ్చింది. బృందం వాళ్లు ఏపుగా ఉన్న మొక్కలను లెక్కపెట్టి సంతోషించారు. "రెండేళ్ల మొక్కలకు కొంచెం పొట్టిగా ఉన్నయే" అని ఒకాయన అంటే, రాతినేల అని చెప్పాను. ఆ మరుసటి ఏడు వాళ్లు పదిహేడు చూస్తామన్నారు. మళ్లీ రంగు. మా సెక్షనులో బోర్డులకు పడినంత రంగు ఇంకెక్కడా పడి ఉండదు. ఒక ఏడు పెద్ద సారు నా ఫైలు మీద "బోర్డుల నిర్వహణ ప్రశంసనీయం" అని రాశారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు రాతలో వచ్చిన మెచ్చుకోలు అదొక్కటే.

ఒక ఆదివారం సుజాతమ్మ నీళ్లు పోయడం అయ్యాక నా దగ్గరికి వచ్చి, చేతిసంచిలో నుంచి మడత పెట్టిన నల్ల ప్లాస్టిక్ సంచి తీసింది. రెండేళ్లు దాచింది.

"ఇది మీదేనాండీ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఆమె చేతులకు మట్టి అంటుకుని ఉంది. అది చూశాక చెప్పబుద్ధి కాలేదు. "నాదే. నేను చూడకుండా సంతకం పెట్టిన మొక్క అది" అన్నాను. ఆ తర్వాత మొత్తం చెప్పాను. బండ్ల బాట దించి గడ్డి దగ్గరికి తీసుకుపోయాను. లచ్చవ్వ అక్కడే ఉంది.

"ఎవరు బిడ్డా ఈమె?"

"సాఫ్ట్‌వేర్ అమ్మ."

"చెప్పులు ఇడువుమను. కింద చూసుకుంట నడువుమను. సార్ లెక్క కాదు."

ఆ అమ్మాయి చెప్పులు విడిచి నడిచింది. ఉరుకుడు పిట్ట లేచి ఉరికింది, ఆగింది, చూసింది. "మేం ఆ రోజు ఇక్కడికి రావాల్సిందా అండీ?" అని అడిగింది. అవునన్నాను. "అయితే మా ఆఫీసులో పెట్టిన ఫోటో ఫ్రేము మీద నంబరు తప్పండీ" అన్నది. తప్పేనన్నాను. దిద్దించనన్నది.

ఈ ఉదంతంలో నేను నేర్చుకున్నది చిన్నది. ఆ గడ్డిని నాశనం చేయబోయిందీ, కాపాడిందీ ఒకటే: మా వాళ్లెవరూ చోటు దాకా నడిచి రాకపోవడం. అటువంటి కాపలాను నమ్ముకోకూడదు. ఏ రోజైనా ఒకడు జీపు దిగవచ్చు, దిగినవాడికి కింద ఏం చూడాలో తెలిసి ఉండాలి. మొక్కలు నాటడమూ అడవిపనే, కొన్నిచోట్ల నాటకుండా ఆగడమూ అడవిపనే. రెండోదానికి మా రిజిస్టర్లలో గడి లేదు. నేను గీసుకున్నాను. రిటైరయ్యే ఏడు పదిహేడో నంబరు పేజీలో ఎర్ర సిరాతో గీత కొట్టి, "గడ్డి. పిట్టలు గుడ్లు పెట్టు స్థలం. నాటరాదు" అని రాసి, కింద నా నోటుబుక్కులోని ఏడేళ్ల వివరాలు ఎక్కించాను. బోర్డులను కూడా వాటి అసలు చోట్లలో పాతించాను. అప్పటికి ఇరవై ఒకటిలో నిజంగానే చెట్లున్నాయి గనుక, ఆ బోర్డు మొదటిసారి నిజం చెప్పింది.

నా స్థానంలోకి వచ్చినతను డిగ్రీ చదివిన కుర్రాడు. రిజిస్టర్లలో ఎక్కడ సంతకం పెట్టాలని అడిగాడు. వాటిని సంచిలో పెట్టుకోమని, మే నెల పదకొండు గంటల ఎండలో పదిహేడుకు నడిపించాను. చాయ్ తాగి పోదాం సార్ అన్నాడు. వచ్చాక తాగుదామన్నాను. గంటన్నర పట్టింది. పిట్ట లేచి ఉరికింది. అప్పుడు కలం ఇచ్చాను.